వలస విముక్తి: నెల్లూరు, ప్రకాశం పిల్లలు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

కావలిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పదిహేడేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. వలసపాలన పోయాక మన రాజకీయం ఏమైంది, మన మనసు ఏమైంది అన్న పాఠం దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచిలోనూ అవే సందేహాలు. పరీక్షకు పనికొచ్చేవి కొన్ని, ఇంటికి పోయాక కూడా వదలనివి కొన్ని. వాళ్ళు అడిగిన మాటల్లోనే రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి.

## మాట దగ్గరే ఆగిపోయినవాళ్ళకు

"వలస అంటే పనికోసం ఊరు విడిచి పోవడం కదా సార్? దాన్నుంచి విముక్తి ఏంది?"

ఈ ప్రశ్న ఎప్పుడూ కనిగిరి, పామూరు వైపు పిల్లల దగ్గరనుంచే వస్తుంది. వానలు లేక తల్లిదండ్రులు బెంగుళూరుకో హైదరాబాదుకో మట్టిపనికి పోతే అవ్వ దగ్గర పెరిగిన పిల్లలకు "వలస" అంటే అదే. తప్పేమీ లేదు, మాట అసలు అర్థం అదే. ఒకచోటి మనుషులు ఇంకోచోటికి వెళ్ళి, అక్కడి నేలనీ పన్నునీ చట్టాన్నీ తమ చేతుల్లోకి తీసుకుంటే ఆ ప్రాంతాన్ని పుస్తకాల్లో "వలస రాజ్యం" అన్నారు. వెళ్ళినవాడు కూలివాడైతే వలస కూలీ, తుపాకీతో వెళితే వలస పాలకుడు. ఆ రెండోవాడి పెత్తనం తొలగిపోవడాన్ని వలస విముక్తి అంటాం. పెత్తనం పదవుల్లోంచి పోవడం ఒకటి, అలవాట్లలోంచి పోవడం ఇంకొకటి.

"1947 ఆగస్టు 15తో అయిపోయింది కదా, ఇంకా చదవడానికి ఏముంది?"

అధికారం చేతులు మారింది ఆ రోజున. కానీ కలెక్టరు కుర్చీ, తాసిల్దారు కచేరి, పోలీసు స్టేషను, శిక్షాస్మృతి, శిస్తు లెక్క అన్నీ మరుసటి రోజు పొద్దున కూడా అక్కడే ఉన్నాయి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 372వ అధికరణమే, పాత చట్టాలను మార్చేదాకా, రద్దు చేసేదాకా అవి నడుస్తాయని చెప్పింది. అలా చెప్పకపోతే దేశం ఒక్కరోజు కూడా నడవదు, అది నిజం. అయితే పాలితుణ్ణి అదుపులో పెట్టడానికి కట్టిన యంత్రాన్ని పౌరుడికి సేవ చేసే యంత్రంగా మార్చే పని మన నెత్తిన పడింది. ఆ పని ఎంతవరకు అయింది, ఎక్కడ ఆగింది అన్నదే ఈ పాఠం.

"నెల్లూరు ఎప్పట్నుంచి తెల్లవాళ్ళ చేతిలో ఉంది?"

ఆర్కాటు నవాబుతో 1801లో జరిగిన ఒప్పందంతో కర్ణాటక రాజ్యం మొత్తంతో పాటు నెల్లూరు కూడా ఈస్టిండియా కంపెనీకి వచ్చేసింది. వెంకటగిరి లాంటి పెద్ద జమీందారీలకు 1802లో శాశ్వత పైసలా సనదులు, అంటే కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ ఒకేలా ఖాయం చేసే పత్రాలు ఇచ్చారు. అంటే 1947 నాటికి దాదాపు 146 ఏళ్ళు, ఆరేడు తరాలు.

"ఆనకట్టలు, కాలవలు, రైళ్ళు వాళ్ళే కదా ఇచ్చింది?"

కట్టించింది వాళ్ళే. నెల్లూరు దగ్గర పెన్న మీద ఆనకట్ట 1850లలో వచ్చింది, సంగం ఆనకట్ట 1880లలో. ఆ నీళ్ళతో డెల్టా పండింది, కాదనలేం. కానీ ఇచ్చింది అన్న మాట దగ్గర కాస్త ఆగండి. బకింగ్‌హామ్ కాలవనే తీసుకోండి. మద్రాసు నుంచి మన తీరం వెంబడి పెదగంజాం మీదుగా పోయే ఈ కాలవలో కొంత భాగం 1876-78 కరువులో తవ్వించారు. ఆ కరువుకు ప్రభుత్వం పెట్టిన కూలి ఒక దశలో మగవాడికి రోజుకు పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అరకేజీ కూడా లేదు. ఎండలో మట్టి తవ్వి మోసేవాడికి అది ఏపాటి? ఆ రోజుల్లోనే రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కాలవకు అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. తవ్విన చేతుల పేర్లు ఎక్కడా లేవు. కాలవ మంచిదా చెడ్డదా అని కాదు, ఎవరి ఆకలి మీద, ఎవరి ఆదాయం కోసం కట్టారన్నది కలిపి చూడమంటాను.

## జెండా మారిన తొలి ఏళ్ళు

"జమీందారీ రద్దుతో రైతుకు స్వతంత్రం వచ్చినట్టేనా?"

కొందరికి వచ్చింది. వెంకటగిరి జమీనులో అడవి మేతకు, కట్టెలకు, శిస్తు హెచ్చింపుకు రైతులు ఎన్నో ఏళ్ళు కొట్లాడారు. నెల్లూరు నుంచి "జమీన్ రైతు" అని ఒక పత్రికే వచ్చిందంటే ఆ తగాదా ఊళ్ళలో ఎంత వేడిగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి, భూములను రైతువారీ కిందికి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతికి మార్చింది. పట్టా ఎవరి పేర వచ్చిందో ఆ రైతు జమీందారు దివాణం గడప తొక్కే పని తప్పింది. కౌలుకు చేసేవాడికి, పాలేరుకు, కూలికి మాత్రం యజమాని మారాడంతే. మన ప్రాంతంలో స్వాతంత్ర్యం ఎవరికి ముందు అందింది, ఎవరికి ఆలస్యంగా అందింది అంటే పట్టా ఉన్న ఇంటినీ పట్టా లేని ఇంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

"స్వతంత్రం వచ్చాక కూడా పొట్టి శ్రీరాములు చావాల్సిన అవసరం ఏమొచ్చింది?"

తెల్లవాళ్ళు పాలన సౌకర్యం కోసం తమిళ, తెలుగు జిల్లాలను కలిపి గీసిన మద్రాసు ప్రెసిడెన్సీ గీత వాళ్ళు పోయాక కూడా అలాగే ఉండిపోయింది. తెలుగు రైతు అర్జీ, తెలుగు పిల్లవాడి ఉద్యోగం అన్నీ మద్రాసు చుట్టూ తిరిగేవి. భాషను బట్టి రాష్ట్రాలు అని కాంగ్రెసు ఎప్పుడో ఒప్పుకుంది, కానీ దేశ విభజన చూసిన తరవాత ఢిల్లీకి భయం పట్టుకుంది. మళ్ళీ దేశం ముక్కలవుతుందేమోనని. పంజాబు, బెంగాలులో కోటిమందికి పైగా ఇళ్ళు వదిలిపోయిన దృశ్యం కళ్ళముందు ఉన్నవాళ్ళ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అది కూడా వలస విముక్తి మిగిల్చిన గాయమే.

శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజులు చేసి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. కోస్తా అంతా భగ్గుమంది. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, 1953 అక్టోబరు 1న అది ఏర్పడింది. నాకు బాధ కలిగించేది ఒకటే. పరాయి ప్రభుత్వం మీద నేర్చుకున్న ఆయుధాన్ని సొంత ప్రభుత్వం మీద చివరిదాకా వాడాల్సి వచ్చింది. అడిగితే వినే అలవాటు కుర్చీకి ఇంకా రాలేదు.

"ప్రకాశం పంతులు గుండె చూపించిన కథ చిన్నప్పట్నుంచి వింటున్నాం. అందులో మనసుకు సంబంధించింది ఏముంది?"

అందులో ఉన్నదంతా మనసే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసులో తుపాకీ ఎత్తిన సిపాయి ముందు చొక్కా తీసి నిలబడ్డాడాయన. వలస పాలన నిలబడేది తుపాకీ సంఖ్య మీద కాదు, తుపాకీ కనిపిస్తే కాళ్ళు వెనక్కి పడతాయన్న నమ్మకం మీద. ఆ నమ్మకం ఆ వీధిలో ఆ పూట చెదిరింది. నేను పిల్లలకు ఇంకో విషయం చెబుతాను. ఆయన వినోదరాయునిపాలెంలో పుట్టి, తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపితే చదువుకున్నవాడు. పెద్దింటి ధైర్యం కాదది. బారిష్టరుగా సంపాదించిందంతా పత్రికకూ ఉద్యమానికీ పోసి, ఆంధ్ర రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి అయ్యి, ఏమీ మిగుల్చుకోకుండా 1957లో పోయారు.

"ఆఫ్రికాలో అన్నీ సైనిక పాలనలు, మనకు మాత్రం ఎన్నికలు. మనం వాళ్ళకంటే గొప్పనా?"

ఆ మాట అనకండి. 1960లో ఒక్క సంవత్సరంలో ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. చాలాచోట్ల స్థానికులను పెద్ద ఉద్యోగాల్లోకి రానివ్వలేదు, చదువు చెప్పించలేదు. బయటివాళ్ళు పటం మీద గీసిన గీతలతో ఒక తెగను మూడు దేశాలకు పంచారు. అల్జీరియా 1954 నుంచి 1962 దాకా యుద్ధం చేస్తేగాని ఫ్రాన్సు వదల్లేదు. మనకు స్వతంత్రానికి ముందే దశాబ్దాల పాటు కమిటీలు, మునిసిపాలిటీలు, కోర్టులు, పత్రికలు నడిపిన అనుభవం ఉంది. 1951-52 ఎన్నికల్లో ఆస్తి, చదువు చూడకుండా వయసొచ్చిన ప్రతివాళ్ళకీ ఓటు ఇచ్చారు. అదృష్టం కొంత, ఎందరో చేసిన కష్టం కొంత. వేరే దేశపు పుండును చూసి మన ఒంటికి మార్కులు వేసుకోకూడదు.

## కాగితం, కచేరి, స్టేషను

"మా పొలం రికార్డులో చుక్కలున్నాయి. దీనికీ వలసపాలనకీ సంబంధం ఏంది?"

నేరుగా సంబంధం ఉంది, ఇది మా ఇంట్లో జరిగిందే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బ్రిటిష్ కాలంలో శిస్తు మళ్ళీ లెక్కకట్టడానికి భూములు కొలిచి ఒక రిజిస్టరు రాశారు. రీసెటిల్‌మెంటు రిజిస్టరు అంటారు, ఆఫీసుల్లో ఆర్ఎస్ఆర్ అంటే చాలు. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, చివర పట్టాదారు పేరు. హక్కుదారు ఎవరో తేలని చోట, లేదా ఎవరూ ముందుకు రాని చోట, ఆ చివరి గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇవి ఎక్కువ.

మా తాత దున్నిన రెండెకరాల ముప్పై సెంట్ల మెట్టకు ఆ గడిలో ఐదు చుక్కలున్నాయి. తాతా, మా నాయనా శిస్తు కట్టారు, రశీదులున్నాయి. అయినా మా చెల్లెలి పెళ్ళికి ఎకరా అమ్ముదామని రిజిస్ట్రేషనుకు పోతే నిషేధిత జాబితాలో ఉంది, అమ్మడానికి వీల్లేదన్నారు. ఆ కార్యాలయంలో గుమాస్తా రిజిస్టరు తిప్పి మా నాయన వైపు పెట్టి, "చూసుకోండి, మీ పేరు ఎక్కడుంది?" అన్నాడు. పసుపు పచ్చగా మారిన కాగితం, చివర్లు నలిగిపోయి పొడి రాలుతోంది. మా నాయన చుక్కల మీద వేలు పెట్టి ఏం మాట్లాడకుండా అట్లానే నిలబడ్డాడు. ఎప్పుడో చనిపోయిన ఒక ఉద్యోగి పెట్టిన చుక్కలు, అరవై ఏళ్ళుగా నాగలి పట్టిన మనిషికంటే బలంగా సాక్ష్యం చెప్పాయి ఆ రోజు.

2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. పన్నెండేళ్ళుగా సాగులో ఉన్నవాళ్ళకు హక్కు ఇవ్వడానికి వీలు కల్పించింది. అమలు నత్తనడకన సాగింది. 2023 మే 12న మా కావలిలోనే సభ పెట్టి, రెండు లక్షల ఎకరాలకు పైగా ఈ భూములను నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మనిషి మాటను నమ్మకుండా కాగితాన్నే నమ్మడం, ఆ కాగితం మనిషికి అందకుండా బీరువాలో ఉండడం, ఈ పద్ధతిని వలస ప్రభుత్వం తన శిస్తు కోసం పెట్టుకుంది. తప్పు సరిదిద్దడానికి మనకు స్వతంత్రం వచ్చాక కూడా డెబ్బై ఏళ్ళు పట్టడం మాత్రం మన బాధ్యతే.

"కరణాలు, ఫసలీలు, జమాబందీ ఇవన్నీ తెల్లవాళ్ళు పెట్టినవేనా?"

కాదు. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, అది మొగలుల నాటిది, తెల్లవాళ్ళు తమ లెక్కకు అనుకూలంగా జూలై 1 నుంచి మొదలయ్యేట్టు చేసుకున్నారు. కరణీకం అంతకన్నా పాతది. ఊరి భూముల లెక్కలన్నీ ఒక్క కుటుంబం చేతిలో ఉండే వంశపారంపర్య పద్ధతి మనదే. బ్రిటిష్ వాళ్ళు దాన్ని వాడుకున్నారు, 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

"ఎరుకలవాళ్ళను చట్టం వదిలేసినా ఊరు ఎందుకు వదల్లేదు?"

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దాన్ని సవరించాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది దానికి అవసరం లేదు, ఫలానా కులంలో పుడితే చాలు. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. హాజరు పలకాలి. చుట్టాల ఊరికి పోవాలన్నా పాసు కావాలి. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకలవాళ్ళ బతుకు, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం, రైళ్ళు వచ్చాక దెబ్బతింది. అలా దెబ్బతిన్నవాళ్ళకే నేరస్థులని ముద్ర వేశారు. మా కావలిలో మిషనువాళ్ళ చేతికింద ఒక సెటిల్‌మెంటు, అంటే ఈ తెగలవాళ్ళను నిఘాలో ఉంచే కాలనీ నడిచింది. చీరాల, బాపట్ల వైపు స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం పోయింది. కానీ దాని వెనకే "అలవాటు నేరస్థుల" చట్టాలు వచ్చాయి. మాట మారింది, అనుమానం మారలేదు. ఊళ్ళో గొలుసు పోతే పోలీసు జీపు ముందు ఏ వీధికి పోతుందో కావలి చుట్టుపక్కల అందరికీ తెలుసు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు హాస్టలు ఫారంలో ఊరి పేరు రాసేటప్పుడు పెన్ను ఆపి, పక్క ఊరి పేరు రాశాడు. "అడుగుతారు సార్" అన్నాడు, అంతే. ఆ పిల్లవాడు పుట్టేనాటికి ఆ చట్టం పోయి యాభై ఏళ్ళయింది. మానసిక ప్రభావం అని పుస్తకంలో రాసేది ఆ పెన్ను ఆగిన క్షణం గురించే. దీన్ని పోగొట్టే బాధ్యత ఆ కుర్రాడిది కాదు, అడిగేవాళ్ళది.

"దూబగుంట సారా ఉద్యమం వలస విముక్తి కిందికి వస్తుందా?"

పరీక్షలో అలా రాస్తే మార్కులు వేస్తారో లేదో చెప్పలేను. నా మటుకు నాకు వస్తుంది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం సారాను ప్రభుత్వ ఆదాయంగా బిగించింది. వేలం పాటలు పెట్టడం, ఎక్కువకు పాడుకున్నవాడికి ఊళ్ళను అప్పగించడం. స్వతంత్రం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టారు, తరవాత ఆదాయం కోసం మళ్ళీ సారా పాటల దారే పట్టారు. తాగేవాడి ఇల్లు ఏమైనా సరే, ఖజానాకు పాట సొమ్ము రావాలి. ఇది తెల్లవాళ్ళ లెక్కే.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు ఆడవాళ్ళు రాత్రి బడుల్లో కూచుని చదవడం మొదలుపెట్టారు, తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా పాకెట్లు తెచ్చే జీపులకు అడ్డం పడ్డారు. ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించారు. ఫలితం పూర్తిగా నిలవలేదు. కానీ వేలిముద్ర వేసే చేతులు అక్షరం పట్టుకోగానే, ప్రభుత్వం అంటే దణ్ణం పెట్టేది కాదు, లెక్క అడగాల్సింది అని గుర్తించాయి. 1947లో పట్నాల్లో కొందరికి కలిగిన ఎరుక దూబగుంటలో ఆడవాళ్ళకు 1992లో కలిగింది.

"2024లో కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. ఇక పాతవి పోయినట్టే కదా?"

1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. పేర్లు, సెక్షను నంబర్లు మారాయి, కొన్ని కొత్తవి చేరాయి, చాలా నిబంధనలు సారంలో అవే. స్టేషనుకు ఫిర్యాదుతో వెళ్ళిన పేదవాణ్ణి కుర్చీలో కూచోబెడుతున్నారా అని చూడండి, మీకే తెలుస్తుంది.

## మనసు సంగతి

"ఆఫీసరు ముందు నిలబడితే నాకు మాట ఎందుకు పెగలదు సార్?"

ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది ఇది. తరగతిలో గలగలా మాట్లాడే పిల్ల. కులధ్రువీకరణ పత్రం కోసం పోయి, అడగాల్సింది అడగలేక వెనక్కి వచ్చేసింది.

మన ఒంట్లో చాలా జ్ఞాపకాలున్నాయి. కచేరి వాకిట్లో చెప్పులు విడవడం, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవడం, బిళ్ళబంట్రోతు పిలిచేదాకా చెట్టుకింద కూచోవడం, "తమరు", "సిత్తం", "ఏలినవారు". అర్జీ మొదట్లోనే నన్ను నేను తగ్గించుకుంటేగాని అసలు సంగతి చెప్పకూడదన్న మర్యాద. ఇదంతా తెల్లదొర ఒక్కడే నేర్పలేదు. రాజుల కాలం నుంచి, కులం నుంచి కూడా వచ్చింది. వలసపాలన దానికి కచేరి గోడలు కట్టి, ఎత్తయిన బల్ల వేసి, తెలియని భాష పెట్టింది. నాయన భయపడితే బిడ్డ చూస్తుంది. ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటుంది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది: అడగాల్సిన మూడు మాటలు కాగితం మీద తెలుగులో రాసుకో. "దయచేసి" చాలు, "తమరి పాదాలకు" అక్కర్లేదు. అర్జీ ఇస్తే రశీదు అడుగు. మొదటిసారి గొంతు వణుకుతుంది, వణకనీ. రెండోసారి తోడుగా మీ అమ్మను తీసుకుపో, నువ్వు మాట్లాడుతుంటే ఆమె చూడాలి. మూడోసారికి ఆ పిల్ల పత్రం తెచ్చుకుంది. ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"ఫానన్ పేరు సిలబస్‌లో ఉంది. ఎవరాయన, మనకేం సంబంధం?"

ఫ్రాంజ్ ఫానన్ 1925లో ఫ్రెంచి వారి ద్వీపం మార్టినిక్‌లో పుట్టిన నల్లజాతి మానసిక వైద్యుడు. అల్జీరియాలో బ్లిదా ఆసుపత్రిలో పనిచేశాడు. స్వాతంత్ర్య పోరాటంలో హింసకు గురైనవాళ్ళకీ, హింసించి నిద్ర పోగొట్టుకున్న పోలీసులకీ ఇద్దరికీ వైద్యం చేశాడు. 1956లో ఉద్యోగం వదిలేసి పోరాటంలో కలిశాడు, 36 ఏళ్ళకే 1961 డిసెంబరులో క్యాన్సరుతో పోయాడు. అల్జీరియా స్వతంత్రం చూడలేదు.

వలసపాలన భూమినే కాదు, మనిషి తనను తాను చూసుకునే చూపును కూడా ఆక్రమిస్తుందని ఆయన వాదన. యజమాని కళ్ళతో తన రంగునీ భాషనీ చూసుకుని తనే సిగ్గుపడతాడు పాలితుడు. స్వతంత్రం వచ్చాక స్థానిక పెద్దలు యజమాని కుర్చీలో కూచుని అతనిలాగే ప్రవర్తిస్తారని కూడా ముందే హెచ్చరించాడు. హింస గురించి ఆయన చెప్పినవాటితో నాకు ఏకీభావం లేదు, పెన్న ఒడ్డున పల్లెపాడులో గాంధీ 1921లో ప్రారంభించిన ఆశ్రమం ఉన్న నేల మనది. కానీ రోగ నిర్ధారణ మాత్రం సరైనదే.

"ఇంగ్లీషు మీడియం కావాలనుకోవడం బానిస బుద్ధా?"

కాదు. ఈ మాటతో పేదపిల్లల తల్లిదండ్రులను అవమానించడం నాకు అసలు నచ్చదు. 1835లో మెకాలే సిఫారసుతో ఇంగ్లీషు చదువుకు ప్రభుత్వ డబ్బు మళ్ళింది, ఉద్యోగం దాని వెంట పోయింది. హైకోర్టు, సుప్రీంకోర్టు, పెద్ద ఉద్యోగాలు ఈనాటికీ ఆ భాషలోనే నడుస్తుంటే, కూలిపనికి పోయే తల్లి తన బిడ్డకు ఆ తాళంచెవి కావాలనుకోవడం వివేకం. తెలుగులో చదివిన పెద్దకులాల పిల్లలు ఎప్పుడో ఆ మెట్టు ఎక్కేశారు. దళిత కుటుంబాలు ఇంగ్లీషు అడిగితే మాతృభాష గుర్తుకురావడం న్యాయం కాదు.

కాకపోతే భాష నేర్చుకోవడం వేరు, సొంత భాషకు సిగ్గుపడడం వేరు. నెల్లూరు యాసలో "ఎట్టా", "అట్టా" అంటే తోటివాళ్ళు నవ్వుతారని నోరు కట్టేసుకునే పిల్లలున్నారు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో చిన్నతనంలో బడిలో తమ మాతృభాష గికుయు మాట్లాడినవాళ్ళను శిక్షించి, మెడలో పలక వేసేవాళ్ళట. మొదట ఇంగ్లీషులో రాసినా, తరవాతి నవలలను ఆయన గికుయులోనే రాశాడు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బళ్ళు మన దగ్గర లేవా?

"మా చర్చి కూడా వలస గుర్తేనని స్నేహితుడు అన్నాడు. ఏం జవాబు చెప్పాలి?"

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇప్పించిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అమెరికావాడు, పాలకుల దేశంవాడు కాదు. కరువులో బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని వాళ్ళకు కూలి దొరికేట్టు చేశాడు. కూడుకోసం మారారని ఎగతాళి చేస్తారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వనివాళ్ళు ఆ ఎగతాళి చెయ్యడానికి అర్హులా? బడి, ఆసుపత్రి, పేరు పెట్టి పిలిచే మనిషి దొరికారు వాళ్ళకు. మిషనరీలకు ప్రభుత్వంతో పొత్తు ఉన్నమాట, మన ఆచారాలను తక్కువగా చూసినమాట నిజమే. రెండూ కలిపి చెప్పండి. ఒకే కాలం అందరికీ ఒకేలా గడవలేదు.

"మా తాత 'దొరల కాలమే నయం' అంటాడు. కోపమొస్తుంది."

కోప్పడవద్దు, పక్కన కూచుని ఏం నయమో అడుగు. తూకం సరిగ్గా ఉండేదనీ, లంచం తక్కువనీ అంటాడు. సొంతవాడు మోసం చేసినప్పుడు కలిగే నొప్పి పరాయివాడి మీద కలగదు, అందుకని ఆ మాట వస్తుంది. కరువులు, శిస్తు కట్టలేక వేలం పోయిన పొలాలు కూడా అడుగు. అవీ చెబుతాడు.

"మరి అన్ని తప్పులూ తెల్లవాళ్ళవేనా?"

కాదు. పొట్టి శ్రీరాములు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. ఆ తలుపు మూసింది తెల్లదొర కాదు. అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పేరు చివర కులాన్ని తనే తీసేసుకున్నారు, ఎవరూ చట్టం చెయ్యలేదు. పరాయి పెత్తనాన్ని తిట్టడం సులువు. మన వీధిలో మన పెత్తనం వదులుకోవడం కష్టం.

## ఇప్పుడు మనం

"శ్రీహరికోట నుంచి రాకెట్లు పంపుతున్నాం. ఇంకా ఈ న్యూనత మాటలెందుకు?"

గర్వపడాల్సిందే. 1971లో అప్పటి నెల్లూరు జిల్లాలోని ఆ దీవి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. అదే దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఇళ్ళు వదలాల్సి వచ్చింది. అడవి, చెరువు, చేప తెలిసినవాళ్ళను అడగకుండా తరలించే పద్ధతి పాత ప్రభుత్వం నుంచి వచ్చిందే. రాకెట్టు చూడ్డానికి పోయినప్పుడు ఆ సంగతీ పిల్లలకు చెప్పండి.

"బ్రెజిల్‌లో ఒంగోలు గిత్తలున్నాయని వాట్సాప్‌లో వస్తుంది. నిజమేనా?"

నిజం. అక్కడ ఆ జాతిని "నెలోర్" అంటారు, మన నెల్లూరు పేరే. ఆ దేశంలో మాంసపు పశువుల్లో పెద్దభాగం అదే. ఇక్కడ మాత్రం ట్రాక్టర్లు వచ్చాక మేపలేక అమ్ముకున్నాం. బయటివాడు మెచ్చుకున్నాకే మన వస్తువు మనకు గొప్పగా కనిపించడం కూడా ఆ పాత జబ్బే. చదలవాడ పశుక్షేత్రానికి ఒకసారి పోయి గిత్తను దగ్గరగా చూడండి.

"పేర్లు మారిస్తే విముక్తి వస్తుందా?"

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2008లో నెల్లూరుకు శ్రీరాములు పేరు చేరింది. పేరు గౌరవం, దాన్ని కాదనను. స్టూవర్టుపురానికి పేరు మార్చినా అక్కడి పిల్లవాణ్ణి పోలీసు చూసే చూపు మారకపోతే ఏం లాభం?

"మా ఊళ్ళో ఈ చరిత్ర రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

డెబ్బై ఎనభై దాటినవాళ్ళ దగ్గర. ముందు అవ్వలను అడగండి, వాళ్ళను ఎవరూ అడగరు. శిస్తు ఎవరు వసూలు చేసేవాళ్ళు, జమీందారు మనిషి వస్తే ఏం చేసేవాళ్ళు, ఊళ్ళో మొదటి ఓటు ఎవరు వేశారు, ఎవరిని వెయ్యనివ్వలేదు, బావి ఎవరిది, సారా కొట్టు ఎక్కడుండేది. ఫోనులో రికార్డు చేసే ముందు వాళ్ళ అనుమతి తీసుకోండి, తేదీ, ఊరు, వీధి రాసిపెట్టండి. ఆ తరవాత తాసిల్దారు కార్యాలయంలో మీ సర్వే నంబరు ఆర్ఎస్ఆర్ నకలు కోసం అర్జీ పెట్టండి. చివరి గడిలో పేరుందో చుక్కలున్నాయో చూసి, ఆ నకలు పట్టుకుని మళ్ళీ ఆ పెద్దవాళ్ళ దగ్గరికే పోయి, అప్పుడు ఆ పొలం ఎవరు దున్నేవాళ్ళో అడగండి.